వాడక ముందు, వాడిన తరువాత

ఆ ప్రకటనను ముందు చూసింది రోజలిన్. జనవరిలో ఒక ఆదివారం చర్చి నుంచి వచ్చి, బైబిలు ఇంకా ఒళ్ళోనే పెట్టుకుని, గుమ్మం పక్క కుర్చీలో కూర్చుని ఫోను చూసుకుంటోంది. వంటింట్లో ఉన్న కూతుర్ని పిలిచింది. గొంతులో కంగారు లేదు, ఏడుపు లేదు. ఇంటికి చుట్టాలొస్తే పిలిచినట్టు పిలిచింది.

"రేచల్, ఒకసారి ఇలా రా. అక్క మాట్లాడతంది."

రేచల్ చేతిలో గరిటెతోనే వచ్చింది. అక్క జయశీల పోయి అప్పటికి రెండేళ్ళు దాటింది. రొమ్ము కాన్సరు. ముప్ఫై ఏడో ఏట మొదలై ముప్ఫై ఎనిమిది నిండకుండానే తీసుకుపోయింది. ఆఖరి ఆరు నెలలు ఆసుపత్రికి తిప్పిందీ, కంచరపాలెం రైలు గేటు దగ్గర ఆటో కోసం అక్కని భుజానికి ఆనించుకుని నిలబడిందీ రేచలే.

ఫోనులో ఉన్నది జయశీల. పోలికున్న ఇంకో మనిషి కాదు. పక్కపక్కనే రెండు ఫోటోలు. ఎడమ దాని కింద 'వాడక ముందు' అని ఉంది. అందులో జయశీల తల మీది గుడ్డ వెనక్కి తీసి, వంగి, మాడు చూపిస్తోంది. నాలుగు పోగులు తప్ప జుట్టు లేదు. వెనక కనిపిస్తున్న ఆకుపచ్చ కిటికీ వాళ్ళింటిదే. కుడి దాని కింద 'కురులసిరి తైలం వాడిన తరువాత, కేవలం తొంభై రోజుల్లో' అని ఉంది. అందులో జయశీల ఆవపువ్వు రంగు చీర కట్టుకుని, జడ భుజం మీంచి ముందుకు వేసుకుని నవ్వుతోంది. ఆ ఫోటో తీసింది రేచలే. బాబాయి కూతురి పెళ్ళిలో, అక్కకి జబ్బు రాకముందు.

అంతలో ఆ రెండో ఫోటో కదిలింది. జడ మీద చెయ్యి వేసుకుని జయశీల నోరు విప్పింది.

"నా పేరు మాధవి. మాది విజయవాడ. జుట్టంతా ఊడిపోయి ఎంత ఏడ్చానో నాకే తెలుసు. ఇప్పుడు చూడండి."

గొంతు కూడా అక్కదే. పదిహేనేళ్ళు పిల్లలకి పాఠాలు చెప్పి కాస్త బొంగురుపోయిన గొంతు. ప్రతి వాక్యం చివరా తరగతిని ప్రశ్న అడుగుతున్నట్టు పైకి లేపే అలవాటు. 'చూడండి' దగ్గర అది అచ్చంగా అలాగే లేచింది.

రేచల్ గరిటె నేల మీద పెట్టి తల్లి కాళ్ళ దగ్గర కూర్చుండిపోయింది.

"అమ్మా, ఫోటోలు తిరగేశారు" అంది. "జుట్టున్నది ముందుది. లేనిది తర్వాతది. ఏ నూనె కూడా అక్క జుట్టు తేలేదు. ఇది దొంగతనం."

రోజలిన్ వేలితో తెరని మళ్ళీ నొక్కింది. నా పేరు మాధవి, అంది జయశీల.

మధ్యాహ్నం తల్లి నడుం వాల్చాక రేచల్ డాబా మీదికెళ్ళి ప్రకటనలోని నంబరుకి ఫోను చేసింది. తిట్టాలని చేసింది. ఏమని తిట్టాలో కూడా అనుకుని పెట్టుకుంది. రెండు రింగులకే ఎత్తారు.

"నమస్తే అండీ. కురులసిరి నుంచి మాధవిని మాట్లాడుతున్నాను. మీ జుట్టు సమస్య ఏమిటో చెప్తారా?"

రేచల్‌ ఫోను చెవికి గట్టిగా ఆనించుకుంది.

"అక్కా" అంది.

అవతల కొంచెం ఆగింది. ఊపిరి తీసిన చప్పుడు కూడా వినిపించింది.

"చెప్పమ్మా. వింటున్నాను" అంది ఆ గొంతు.

రేచల్ ఫోను కట్ చేసింది. 

అది మనిషి కాదని ఆమెకి తెలుసు. ఆమె ల్యాబ్ టెక్నీషియన్. పని చేసే డయాగ్నొస్టిక్ సెంటర్లో కంప్యూటర్లు చూసే అతన్ని మర్నాడు అడిగితే అతను తేలిగ్గా చెప్పేశాడు. ఇప్పుడివన్నీ మామూలేనట. ఒక మనిషి గొంతు పది నిమిషాలు దొరికితే చాలు, ఆ గొంతుతో మిషను ఏదైనా మాట్లాడేస్తుందట. ఎదురు ప్రశ్నలకి జవాబు కూడా చెప్తుందట. సరే, ఆ పది నిమిషాలు వాళ్ళకి ఎక్కడ దొరికాయి? ఇంట్లో తమ దగ్గరే అక్క గొంతు లేదు. పెళ్ళి వీడియోలో వెనకెక్కడో నవ్విన నవ్వు తప్ప.

నాలుగు రోజులకి ఇంటికి పార్సిలు వచ్చింది. కురులసిరి తైలం, మూడు సీసాలు.

"ఎందుకు తెప్పించావమ్మా?"

"జుట్టు ఊడిపోతంది కదే. నువ్వే చూసావు కదా దువ్వెన్లో."

ఊడిపోతున్న మాట నిజమే. ఆగస్టులో రోజలిన్‌కి డెంగీ వచ్చింది. నవంబరు నుంచి తల దువ్వితే చాలు, పిడికెడు పిడికెడు వస్తోంది.

"అది జ్వరానికి రాలిన జుట్టమ్మా. పెద్ద జ్వరం వస్తే మూడు నెలలకి రాలుతుంది, తర్వాత దానంతటదే వస్తుంది. మా డాక్టరుగారు చెప్పారు. అందుకే వీళ్ళందరూ తొంభై రోజులు వాడండి, వాడండి అంటారు. ఆ తొంభై రోజుల్లో ఎలాగూ మొలిచేది మొలుస్తుంది. పేరు నూనెకి."

"నీకే అన్నీ తెలుసులే. అక్క చెప్తంది కదా, మార్పొస్తదని."

ఆ మాటకి రేచల్‌కి ఒళ్ళు మండిపోయింది. అయినా ఆ కోపంలోనే ఒక ఆలోచన వచ్చింది. "సరే, పరీక్ష పెడదాం. పాపిడికి ఒక వైపే నూనె రాసుకో. రెండో వైపు రాయకు. ఏ వైపు రాస్తున్నావో నాకు మాత్రం చెప్పకు. తెలిస్తే నా కళ్ళు కూడా అబద్ధమాడతాయి. పది వారాలకి లెక్కపెడదాం."

రోజలిన్ వెంటనే ఒప్పుకుంది. అంత వెంటనే ఎందుకు ఒప్పుకుందో రేచల్ అప్పుడు ఆలోచించలేదు. అట్టముక్కలో సెంటీమీటరు చదరం కోసింది. చెవి కొన నుంచి దారం పెట్టి కొలిచి, రెండు వైపులా ఒకే ఎత్తున ఆ అట్ట ఆనించి, ల్యాబు నుంచి తెచ్చిన భూతద్దంతో వెంట్రుకలు లెక్కపెట్టింది. ఎడమ ఎనభై ఎనిమిది. కుడి తొంభై. ఒకే కిటికీ దగ్గర, ఒకే వెలుతురులో ఫోటోలు తీసింది. పుస్తకంలో తేదీ వేసింది.

ఆ నెలలోనే ఒక సాయంత్రం పక్కింటి గురువమ్మ గోడ మీంచి పిలిచింది.

"రేచలూ, మీ ఇంట్లో పగటేల ఎవరమ్మా? నువ్వు డ్యూటీకెల్లిపోయాక ఎవర్తో ఆడపిల్ల మాట్లాడతంది. మీ అమ్మ నవ్వతంది. నాను టీవీ అనుకున్నాను. నిన్న గుమ్మంలోకొచ్చి ఇన్నాను. జయ గొంతమ్మా అది. తిన్నగా ఇంట్లోకొచ్చి తలుపేసుకున్నాను."

ఆ రోజు నుంచి రేచల్ ఆ నూనె ప్రకటనల్లో మిగతా మనుషుల్ని వెతకడం మొదలుపెట్టింది. మాధవి ఒక్కతే కాదు. ఇంకా చాలామంది ఉన్నారు. అందరూ మొదట బోడిగా, తర్వాత ఒత్తుగా. వాళ్ళలో ఒకతను 'రమణ, తగరపువలస'. యాభై దాటిన మనిషి. నల్లటి ముఖం, వంకర ముక్కు. అతని ఫోటో వెనక వరసగా బోట్లున్నాయి. ఒక బోటు ముక్కు మీద ఎర్ర రంగుతో రాసిన నంబరు కూడా కనిపిస్తోంది.

ఫిబ్రవరిలో సెలవు పెట్టి తెల్లవారుతూనే ఫిషింగ్ హార్బరుకి వెళ్ళింది. వేలం జోరుగా ఉంది. ఐసు పెట్టెలు ఈడ్చేవాళ్ళు, వేలం పాట పాడేవాళ్ళు, నీళ్ళలో తడిసిన కాళ్ళు. ఒక గోడ వార వలలు అల్లుతున్న నలుగురు మగవాళ్ళకి ఫోనులో ఆ ఫోటో చూపించింది. మొదట చూసినవాడు ఫోను పక్కవాడికిచ్చాడు. పక్కవాడు ఇంకొకడికిచ్చాడు.  చివరి ముసలాయన వల పక్కన పెట్టాడు.

"ఈ పోటో నీకెక్కడిదమ్మా?"

"నూనె ప్రకటనలో వచ్చింది. ఈయన పేరు రమణేనా?"

"ఈడి పేరు అర్జునరావు. నాలుగేళ్ళ కిందట గాలివానకి బోటు తిరగబడిపోనాది. అయిదుగురెల్లేరు. ముగ్గురి శవాలు దొరికేయి. ఈడిది దొరకలేదు." వేలం జరుగుతున్న వైపు గడ్డంతో చూపించాడు. "అదిగో, ఆ నీలం చీరావిడ, ఈడి పెళ్ళాం. గంగాలమ్మ. దానికి చూపించకు. దానికి ముందే తెల్సు."

గంగాలమ్మ గంపలో చేపలు సర్దుకుంటోంది. రేచల్ దగ్గరికెళ్ళి ఎలా మొదలుపెట్టాలో తెలియక "పిన్నీ" అని ఆగిపోయింది. ఆమె తలెత్తి, రేచల్ చేతిలో వెలుగుతున్న ఫోను చూసి, చేతులు చీరకి తుడుచుకుని లేచింది.

"ఆయనెక్కడున్నాడో నీకు తెల్సా?" అని అడిగింది.

రేచల్ తల అడ్డంగా ఊపింది.

"తగరపువలస అని సెప్తన్నాడు కదా. నాను ఎల్లేను. మూడుసార్లెల్లేను. సంతలో పోటో పట్టుకుని అందర్నీ అడిగేను. ఎవులూ సూళ్ళేదన్నారు. బుర్రకి దెబ్బ తగిలి పేరు మరిసిపోయి, రమణ అని సెప్పుకుంటన్నాడేమో అనుకున్నాను. జుట్టు కూడా వొచ్చింది కదా, బాగానే ఉన్నాడు." ఆమె గొంతు తగ్గించింది. "ఫోన్ సేత్తే మాట్లాడతాడు. బాగున్నారా అమ్మా అంటాడు. నన్ను ఏనాడూ అమ్మా అన్నేదు. పరాయోడిలాగ మాట్లాడతాడు. ఐతే ఏటి? గొంతు ఆయనదే."

"పిన్నీ, అది ఆయన కాదు. మిషను. మా అక్క గొంతు కూడా అలాగే చేశారు. మా అక్కని మా చేతుల్తో సమాధి చేసాము."

గంగాలమ్మ ఆమెని కిందనుంచి పైకి చూసింది. "మీరు సూసి పూడ్సేరు. నాను సూళ్ళేదు కదమ్మా" అంది. గంప నెత్తికెత్తుకుని వెళ్ళిపోయింది. వెళ్ళే ముందు మాత్రం రేచల్ ఫోను నంబరు అడిగి తీసుకుంది.

మార్చి ఆఖరులో పది వారాలు నిండాయి. రోజలిన్ తలంటుకుని కిటికీ దగ్గర కూర్చుంది. గూడ్సు బండి వెళ్ళిపోయి ఇల్లు అదరడం ఆగేదాకా ఉండి, రేచల్ లెక్కపెట్టింది. పొట్టి పొట్టి కొత్త వెంట్రుకలు, పసిపిల్లల జుట్టులా మెత్తగా, రెండు వైపులా మొలిచి ఉన్నాయి. ఎడమ నూట ఇరవై రెండు. కుడి నూట ఇరవై మూడు. అనుమానం తీరక మళ్ళీ లెక్కపెట్టింది. ఒకటి అటూ ఇటూ, అంతే.

"చూసావా? రెండు వైపులా ఒకేలా వచ్చింది. ఇంతకీ ఏ వైపు రాసావు, చెప్పు."

రోజలిన్ లేచి వెళ్ళి మంచం కింది పెట్టె తెచ్చింది. అందులో కురులసిరి సీసాలు తొమ్మిది ఉన్నాయి. ఒక్కదానికీ మూత మీది సీలు తీయలేదు.

"ఏ వైపూ రాయలేదు" అంది. "ఈ వయసులో నాకు జుట్టెందుకే? సీసా ఐపోయిందంటే ఫోన్ చేస్తది. ఎలా ఉందమ్మా, మార్పు కనిపించిందా అని అడుగుద్ది. కనిపించింది తల్లీ అంటాను. చాలా సంతోషం అమ్మా అంటది."

రేచల్ సీలు ఒక్కొక్కటీ తడిమి చూసింది. నూనె చుక్క తగలకుండానే తల్లి జుట్టు తిరిగొచ్చింది. ప్రకటన అబద్ధమని ఇంతకంటే రుజువు అక్కర్లేదు. కానీ ఇప్పుడు ఆ రుజువు ఎవరికి చూపించాలి? ఎవరికోసమైతే పరీక్ష పెట్టిందో ఆ మనిషికి నూనెతో పనే లేదు.

ఒక సీసా చేతిలోకి తీసుకుని వెనక్కి తిప్పింది. చీటీ మీద చిన్న అక్షరాల్లో చిరునామా ఉంది. తగరపువలస, హైవే పక్కన.

మర్నాడే వెళ్ళింది. చెప్పుల షాపు పైన మేడ మీద ఒక్కటే గది. బోర్డు లేదు. తలుపు తీసే ఉంది. లోపల అట్టపెట్టెలు, చీటీలు అతికించే బల్ల, గోడ వార రెండు కంప్యూటర్లు. కుర్చీలో పాతికేళ్ళ అమ్మాయి ఒక్కతే అన్నం తింటోంది. తన పేరు సాయిదుర్గ అని చెప్పింది. ఓనరు ఇక్కడుండడనీ, తానైనా రెండుసార్లే చూసిందనీ చెప్పింది. రేచల్ అక్క ఫోటో చూపించగానే క్యారేజీ మూత పెట్టేసింది.

"మీరు ఆవిడకేటవుతారు మేడం?"

"చెల్లెల్ని."

 కింద హైవే మీద లారీలు పోతున్నాయి. సాయిదుర్గ చెయ్యి కడుక్కొచ్చి కంప్యూటరు దగ్గర కూర్చుంది.

"ఆవిడే పంపించారు మేడం ఇవన్నీ. మూడేళ్ళ కిందట. అప్పుడు ఇవన్నీ మనుసులమే సేసేవాళ్ళం, మిషన్లు లేవు. ఫోటో పంపితే సలహా సెప్తామని యాడ్ ఇచ్చేవాళ్ళం. గుండు ఫోటో పంపారు. ముందు జుట్టు ఎలాగుండేదో ఫోటో పంపమంటే పెళ్ళి ఫోటో పంపారు. టైపు సెయ్యడానికి వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయని అన్నీ వాయిసులే పెట్టేవారు."

"మీరేం చెప్పారు ఆవిడకి?"

"తైలం వాడమన్నాం." సాయిదుర్గ తల దించుకుంది. "నాను కాదు మేడం, నా ముందున్నావిడ. ఐనా నానున్నా అదే సెప్పుదును."

తెర మీద పెద్ద పట్టీ ఒకటి ఉంది. పేరు, ఊరు, ఫోటో, వాయిసులు. చివరి గడిలో అందరికీ ఒకటే మాట. 'క్లోజ్డ్.'

"ఇదేంటి?"

"పండక్కీ పబ్బానికీ ఆఫర్లు పెడతాం కదా. కొందరి దగ్గర్నుంచి జవాబు రాదు. కొందరి ఫోన్లలోంచి ఇంట్లోవాళ్ళు సెప్తారు, ఈయన పోయారు, ఈవిడ పోయారు, ఇంక పంపకండీ అని. అలాంటివి క్లోజ్డ్ అని రాస్తాం. కిందటేడు ఓనరు ఆ లిస్టే పంపమన్నారు. బతికున్నోళ్ళ ఫోటో వాడితే ఫోన్ సేసి తిడతారంట, కేసులేస్తారంట. వీళ్ళైతే ఎవరూ అడగరని."

ఆమె జయశీల పేరు నొక్కింది. సంభాషణ అంతా తెర మీదికొచ్చింది. చిట్టచివరన జయశీల నంబరు నుంచి వచ్చిన మెసేజీ ఉంది. 'మా అక్క చనిపోయారు. దయచేసి పంపకండి.' రేచల్ దాన్ని గుర్తుపట్టింది. అంత్యక్రియలైన వారానికి, అక్క ఫోనులో చప్పుడైతే, ఎవరో ఏమిటో చూడకుండా తనే కొట్టింది. ఆ ఒక్క మాటతో అక్కని ఈ పట్టీలోకి తనే పంపింది.

ఆ గది గోడల మీద ఏమీ లేదు, ఒక క్యాలెండరు తప్ప. అయినా రేచల్‌కి తన చుట్టూ జనం కిక్కిరిసి నిలబడి ఉన్నట్టు అనిపించింది. బోడి తలలతో, గుడ్డలు చేత్తో పట్టుకుని, వంగి మాడు చూపిస్తూ.

"వినాలి నేను" అంది రేచల్.

పదిహేడు వాయిసులు. మొదటివన్నీ మామూలువే. ఎన్నిసార్లు రాయాలండీ, కీమో నడుస్తోంది, రాయొచ్చా, దురదగా ఉంది. ఆఖరిది మటుకు కాస్త పెద్దది. జయశీల లోగొంతుతో, ఎవరూ వినకుండా మాట్లాడుతోంది.

"అండీ, రెండంగుళాలైనా వస్తదా, నిజం చెప్పండి. అందానికి కాదండీ. మా అమ్మకి నా తల నిమరడం అలవాటు. జుట్టు పోయినప్పటి నుంచి నిమరట్లేదు. ముట్టుకోవడానికి భయపడతందనుకుంటాను. గుడ్డ కడతది, మందులిస్తది, తల మీద మాత్రం చెయ్యి వెయ్యదు. కొంచెం వస్తే వేస్తది. అందుకడుగుతున్నాను. మా చెల్లికి ఫోన్ చెయ్యకండి, అది తిడతది."

దానికింద కురులసిరి వాళ్ళ జవాబు ఉంది. 'తప్పకుండా వస్తుంది మేడం. తొంభై రోజులు వాడండి.' ఆ తేదీ నుంచి జయశీల బతికింది పందొమ్మిది రోజులు.

సాయిదుర్గ ఏమీ అడక్కుండానే వాయిసులన్నీ రేచల్ ఫోనులోకి పంపింది. రేచల్ అడిగితే అర్జునరావువి కూడా పంపింది. "నాను ఈ నెలాఖరికి మానేస్తన్నానక్కా" అంది. "మద్దేనం అన్నం తింటుంటే ఆ రెండో కంప్యూటర్లోంచి మాట్లాడతంటారు. ఒకేసారి పదిమంది. సౌండ్ తగ్గించీసినా పెదాలు కదుల్తూనే ఉంటాయి."

దారి పొడుగునా రేచల్ ఆఖరి వాయిసు చెరిపెయ్యాలనే అనుకుంది. బస్సులో రెండుసార్లు వేలు దాని మీద పెట్టి తీసేసింది. ఇంటికొచ్చేసరికి రోజలిన్ ఫోను చెవిన పెట్టుకుని నవ్వుతోంది. "కనిపించింది తల్లీ, చాలా ఒత్తుగా వచ్చింది" అంటోంది. ఆ మాట వినగానే రేచల్ చెరపడం మానుకుంది. తల్లి చేతిలోంచి ఫోను తీసి కట్ చేసి, తన ఫోను ఆమె చేతిలో పెట్టింది.

"ఇది అక్క. నిజంగా అక్క."

రోజలిన్ చివరిదాకా విన్నది. అయిపోయాక కూడా ఫోను చెవి దగ్గర్నుంచి తియ్యలేదు. బయట ఎవరో కుళాయి తిప్పారు, బిందె నిండింది, పొర్లింది, ఎవరో కట్టేశారు.

"భయం కాదే" అంది చివరికి. "నొప్పెడతదేమోనని. ఆ మందులకి మాడంతా ఎర్రగా కందిపోయుండేది. నా చేతులు గరుకు. అందుకని ఎయ్యలేదు."

"తెలుసమ్మా."

"నీకు తెలిస్తే ఏం లాభం? దానికి తెలీదు కదా." ఆమె తన ఫోను వైపు చూసింది. "రోజూ మాట్లాడతన్నాను దీంతో. రెండు నెలలు పైనే. ఒక్కసారి అడగలేదే. అమ్మా, నా తల ఎందుకు ముట్టుకోలేదూ అని అడిగుంటే చెప్పేదాన్ని కదా. అడగలేదంటే అది మన జయ కాదు."

మర్నాడు తల్లీకూతుళ్ళిద్దరూ వెళ్ళి సైబరు పోలీసులకి కంప్లయింటు రాసిచ్చారు. రెండు వైపులా లెక్క రాసిన పుస్తకం, సీలు తీయని సీసాలు, ఫోటోల అసలు తేదీలు, అన్నీ ఇచ్చారు. సంతకం పెట్టింది రోజలినే. మే నెల మొదట్లో తగరపువలస గదికి తాళం పడింది. నంబరు మోగడం మానేసింది. ప్రకటనలు ఒక్కొక్కటే మాయమయ్యాయి. మాధవి, రమణ, మిగతా అందరూ.

ఆ వారంలోనే రేచల్‌కి ఫోను వచ్చింది. అవతల గంగాలమ్మ. హలో కూడా అనలేదు.

"ఒకసారి సముద్రం ముంచింది. రెండోసారి నువ్వు ముంచీసావు" అని పెట్టేసింది.

రేచల్ రెండు రోజులు డ్యూటీలో సూదులు గుచ్చుతూనే ఉంది కానీ ఎవరి ముఖమూ చూడలేకపోయింది. మూడో రోజు పొద్దున్నే హార్బరుకి వెళ్ళింది.

చేపల వేట నిషేధం రోజులు. మర బోట్లన్నీ జెట్టీకి కట్టేసి ఉన్నాయి. వేలం లేదు, అరుపుల్లేవు. వందల బోట్లు ఒకదాన్నొకటి రాసుకుంటూ కిర్రుమంటున్నాయి, అంతే. మనుషులంతా ఎక్కడికో లేచిపోయినట్టుంది. గంగాలమ్మ ఒక్కతే టార్పాలిన్ పరిచి నెత్తళ్ళనే చిన్న చేపలు ఎండబెడుతోంది. రేచల్‌ని చూసి మొహం తిప్పుకుంది. రేచల్ టార్పాలిన్ అంచున కూర్చుని, ఏమీ చెప్పకుండా, అర్జునరావు వాయిసు పెట్టింది.

"ఏటండీ, మూడు సీసాలు రాసీసేను" అంది ఆ గొంతు, గాలిలో, ఒడ్డు నుంచి కదలబోతున్న బోటు ఇంజను చప్పుడు మధ్య. "మీరు సెప్పినట్టే రాసేను. ఒక్క ఎంటుకొచ్చినాదా? రానేదు. ఉన్నవి కూడా పోనాయి. మా ఆడది నవ్వతంది. మీరు మనుసులా, దొంగలా? మీ మొకాలు మండా, రేపు ఒడ్డుకొచ్చినాక మీ పనుంది సూడండి. ఒసే గంగా, ఆ తాడు ఒగ్గీకే, గట్టిగా పట్టుకో, లాగు, లాగే!"

అక్కడితో ఆగిపోయింది.

గంగాలమ్మ చేతిలోని నెత్తళ్ళు టార్పాలిన్ మీద జారిపోయాయి. ముందు నవ్వింది. నవ్వుతూ నవ్వుతూనే నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఆమె భుజాలు అదురుతుంటే రేచల్ పక్కన కూర్చునే ఉంది. చాలాసేపటికి కొంగు తీసింది.

"ఈడే. నా మొగుడు ఈడే. ఆ ఫోన్లోవోడు ఒక్కనాడూ తిట్టలేదమ్మా. నాను ఎంత ఇసిగించినా తిట్టలేదు. అప్పుడే నాకు తెలాల."

మళ్ళీ పెట్టమంది. రేచల్ పెట్టింది. మూడోసారి కూడా విని, ఇక చాలంది.

ఇద్దరూ కలిసి పడిపోయిన నెత్తళ్ళు ఏరి పరుస్తున్నారు. అప్పుడు గంగాలమ్మ ఫోను మోగింది. ఏదో కొత్త నంబరు. చేతులు తడిగా ఉన్నాయని స్పీకరు నొక్కింది.

"నమస్తే అండీ" అంది అర్జునరావు గొంతు, చల్లగా, మర్యాదగా. వేరే పేరు చెప్పింది, వేరే నూనె పేరు చెప్పింది. "మీ జుట్టు సమస్య ఏమిటో చెప్తారా అమ్మా?"

రేచల్‌ ఫోను లాక్కోబోయింది. గంగాలమ్మ చెయ్యి అడ్డం పెట్టి ఆపి, ఫోను వైపు వంగింది.

"నన్ను తిట్టు" అంది.

"చెప్పండమ్మా. వింటున్నాను."

"తాడు ఒగ్గీసేనని తిట్టు. ఒక్కసారి తిట్టు, సూద్దాం."

అవతల కొంచెం ఆగింది. ఊపిరి తీసిన చప్పుడు వినిపించింది. "మీ సమస్య నాకు అర్థమైందమ్మా" అంది ఆ గొంతు. "తొంభై రోజుల్లో మీకే మార్పు కనిపిస్తుంది."

గంగాలమ్మ ఫోను కట్ చెయ్యలేదు. బోర్లా తిప్పి టార్పాలిన్ మీద పెట్టింది. అది కింద మాట్లాడుతూనే ఉంది. ఆమె పక్క వరసకి జరిగి నెత్తళ్ళు తిరగేయసాగింది.

"ఆ నెంబరు రాసుకోమ్మా" అంది తలెత్తకుండా. "ఈసారి సంతకం నాను పెడతాను."